పాత తెరచాప పడవ లోపలి భాగాన్ని బాగుచేసే విధానం

పాత తెరచాప పడవ చేతికి రాగానే చాలామంది ముందు రంగు డబ్బాలు, పరుపులు కొనిపెట్టుకుంటారు. నిజానికి వాటి వంతు చిట్టచివరిది. పడవ లోపలి చెక్కను పాడుచేసేది సముద్రపు నీటికంటే ఎక్కువగా పైకప్పు సందుల్లోంచి కారి, గాలి ఆడని అడుగున నిలిచిపోయే వాన నీరే. చెక్కను కుళ్లబెట్టే బూజు ఉప్పునీటిలో అంత తేలిగ్గా పెరగదు. బయటినుంచి అడుగును తొలిచే పురుగు సంగతి వేరు. కాబట్టి పైకప్పు కారడం ఆగిన తరువాతే లోపల చెయ్యి పెట్టాలి.

నెల్లూరు, ప్రకాశం తీరంలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కనుక, సంక్రాంతి వెళ్లాక పని మొదలుపెట్టడం మేలు. అలాగని రోహిణీ కార్తె ఎండకు పడవను ఒడ్డున వదిలేస్తే పలకలు ముడుచుకుని అతుకులు నోళ్లు తెరుస్తాయి. పైన తాటాకు పందిరి వేసి, బయటి పక్కలకు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి.

లోపలి బల్లలు, అరలు ఊడదీసేటప్పుడు ప్రతి ముక్క వెనుక అంకె వేసి, ఫోటో తీసుకోవాలి. ఆ తరువాత దబ్బనంతో పరీక్షించాలి. గట్టి చెక్కలో దాని మొన ఆగిపోతుంది, పుచ్చిన చెక్కలో తడి రొట్టెలోకి దిగినట్టు దిగుతుంది. తెరచాప కొయ్య మొదలు, బోల్టుల చుట్టూ, అడుగు పలకల కింద మరింత ఓపికగా వెతకాలి. అడుగున ఉండే వంపు కర్రల కింద నీరు పారడానికి చిన్న కంతలు చెక్కి ఉంటాయి. నా మొదటి పడవలో అవి ఇసుకతోనూ రంగు పెచ్చులతోనూ పూడిపోయిన సంగతి గమనించక కొత్త పలకలు బిగించాను, తొలి ముసురుకే అన్నీ ఊడదీయవలసి వచ్చింది. కంతలన్నింటి గుండా ఒక నైలాన్ తాడు దూర్చి ఉంచితే, అప్పుడప్పుడు ముందుకూ వెనక్కూ లాగి మట్టి వదిలించవచ్చు.

పుచ్చును కనిపించినంత మేరకే కాక, దాని అంచు దాటి జానెడు గట్టి చెక్క వరకూ కోసేయాలి. కొత్త పలకను మందానికి ఎనిమిది రెట్ల పొడవున ఏటవాలుగా చెక్కి అతికితే పట్టు నిలుస్తుంది. వంపు కర్రకైతే సహజంగా వంగిన తుమ్మ మొద్దును ఎంచుకుని, పడవ పని తెలిసిన వడ్రంగి చేతికే అప్పగించడం మంచిది. గోడలకు, అరలకు ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడి, కోసిన అంచులన్నిటికీ ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పట్టించాలి, ఎందుకంటే నీరు మొదట చొరబడేది అంచుల నుంచే. మన ఎండలకు ఎపాక్సీ గిన్నెలోనే వేడెక్కి గడ్డకడుతుంది, కాబట్టి ఉదయం పూట, వెడల్పాటి పళ్లెంలో కొద్దికొద్దిగా కలపాలి. మేకులు, మరలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. ఇనుపవి తుప్పుపట్టి చెక్కను కూడా పాడుచేస్తాయి.

వైర్లు తగరం పూత రాగివి వాడి, అడుగు నీటికి అందనంత ఎత్తున బిగించాలి. వంట గ్యాస్ గాలికంటే బరువైనది, లీకైతే అడుగున చేరుతుంది కనుక సిలిండరును లోపలి గదిలో పెట్టకూడదు. పరుపుల కింద నిండు బల్లకు బదులు సందులు వదిలిన పట్టీలు వేస్తే చెమ్మ ఆరిపోతుంది. అడుగు పలకలు ఏ పనిముట్టూ లేకుండా చేత్తో పైకి లేచేలా ఉండాలి.

ఇవన్నీ అయ్యాక ముక్కు వైపు అడుగున ఒక బిందె మంచినీళ్లు పోసి, అవి ఎక్కడా నిలవకుండా, అడుగు నీటిని తోడే పంపు దగ్గరికి చేరుతున్నాయేమో చూడాలి. ఎక్కడైనా ఆగితే ఆ చోటు సరిచేసేవరకు రంగు డబ్బా మూత తీయకూడదు.