బియ్యం సంచికి బెల్టు పెట్టి నేర్చుకున్నాను

పాప పుట్టడానికి పదిహేను రోజుల ముందు, విశాఖ ఎంవీపీ కాలనీలో మా సెల్లార్‌లో మూడు కిలోల బియ్యం సంచిని పసిపిల్లల కార్ సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడుతుంటే వాచ్‌మన్ ఒకటే నవ్వు. మూడోసారికి గానీ నాకు కుదరలేదు. ఆస్పత్రి గేటు ముందు, వెనక ఆటోలు హారన్ కొడుతుంటే నేర్చుకునే పని కాదిది.

కొనేటప్పుడు రెండే చూశాను. బిడ్డ మొహం కారు వెనక అద్దం వైపు ఉండే సీటా? దాని మీద ఈసీఈ ఆర్44/04 లేదా ఆర్129 అనే భద్రతా ప్రమాణం స్టిక్కర్ ఉందా? కారు ముందు గుద్దుకుంటే, అలా కూర్చున్న బిడ్డ తలనీ మెడనీ వీపునీ సీటే కాసుకుంటుంది. మా కజిన్ పాత సీటు ఊరికే ఇస్తానన్నాడు. అది వాళ్లకీ చేతులు మారి వచ్చిందే, ఎప్పుడైనా యాక్సిడెంట్‌లో పడిందో లేదో తెలీదు. వద్దన్నాను.

మా కారుకి ఐసోఫిక్స్, అంటే పిల్లల సీటుని నేరుగా తగిలించే కొక్కేలు, లేవు. వెనక సీట్లో కారు బెల్టుతోనే కట్టాను. బిగించాక బెల్టు పోయేచోట పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు. ముందు సీట్లో మాత్రం వద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే నేరుగా బిడ్డ తల వెనక కొడుతుంది.

పాపని ఆస్పత్రి నుంచి తెచ్చేరోజు అసలు పేచీ పొత్తిళ్ల దగ్గరొచ్చింది. కాళ్ల మధ్య నుంచి బెల్టు రావాలి కాబట్టి చుట్టిన గుడ్డ విప్పాలి.

“గాలి తగుల్తుంది బాబూ, నా ఒళ్లో పెట్టుకుంటాను” అన్నారు అత్తయ్య.

“యాభై స్పీడులో గుద్దుకుంటే ఈ మూడు కిలోలే అరవై కిలోలంత బలంగా లాగుతాయండి, పట్టుకోగలరా?”

కాసేపాగి, “అయితే మెల్లిగా పోనివ్వండి” అన్నారు.

భుజం బెల్టులు బిడ్డ భుజాల ఎత్తులోనో, కొంచెం కిందనుంచో రావాలి. బిగించాక బెల్టుని వేళ్లతో గిల్లితే మడత దొరక్కూడదు. గుడ్డ ఆ తర్వాత పైన కప్పాం. హ్యాండిల్‌కి ఎవరో కట్టిన దిష్టితాడు తీసేశాను, మెడకి చుట్టుకుంటే? మే నెలలో బకిల్ ముట్టుకుని చూడకుండా పెట్టొద్దు, చురుక్కుమంటుంది. ఎండకి సీటు మీద చీర కప్పేయకండి, లోపల ఉడికిపోతుంది. అద్దానికి షేడ్ పెట్టండి.

గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆడదు. అందుకే సీటు వెనక్కి వాలి ఉండాలి, పక్కన ఒకరు చూస్తుండాలి. తొలి వారాల్లో అరగంట మించి అందులో ఉంచం. గాజువాకలో అత్తవారింటికి వెళ్లేటప్పుడు ఎన్ఏడీ జంక్షన్ దాటాక ఎక్కడో చోట ఆపి, పాపని తీసి అత్తయ్యకే ఇస్తాను.