స్ట్రాబెర్రీలు, నేరేడు, రేగు: మన గోదావరి తేమలో పళ్ళు బూజు పట్టకుండా ఉండాలంటే

పోయిన ఏడాది జనవరిలో లంబసింగి వెళ్ళి వస్తూ రోడ్డు పక్క తోట దగ్గర రెండు కిలోల స్ట్రాబెర్రీలు కొన్నాం. ఆ పొద్దునే కోసినవి, కారంతా ఒకటే వాసన. ఘాట్ దిగి నర్సీపట్నం, తుని, రాజమండ్రి మీదుగా రావులపాలెం దగ్గర మా ఊరు చేరేసరికి రాత్రయింది. వచ్చీ రాగానే కుళాయి కింద అన్నిటినీ కడిగేసి, స్టీలు డబ్బాలో పోసి, గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాను. మూడో రోజు మూత తీస్తే పైన నాలుగు బాగున్నాయి, కింద అంతా బూడిద రంగు బూజు, అడుగున ఎర్ర నీళ్ళు. పిల్లలు ఎంతో ఇష్టంగా దాచుకున్న పళ్ళు అవి. చెత్తలో పోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. అప్పటి నుంచి నేను చేస్తున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు నేను చేసిన పనే మన జిల్లాల్లో చాలా ఇళ్ళలో చేస్తున్నారు.

ముందు ఆ బూజు సంగతి చెప్పాలి. దాని పేరు బోట్రైటిస్. స్ట్రాబెర్రీ పూత దశలో ఉన్నప్పుడే లోపలికి చేరి నిద్రపోతున్నట్టు ఉండిపోతుంది, కాయ పండి మెత్తబడ్డాక లేస్తుంది. అందుకే కొన్నప్పుడు నవనవలాడిన పండు కూడా రెండ్రోజుల్లో బూజు పట్టేస్తుంది, అందులో షాపువాడి మోసం ఏమీ లేకపోవచ్చు. ఫ్రిజ్ చలికి ఇది చావదు, నిదానంగా పెరుగుతూనే ఉంటుంది. మనం చేయగలిగిందల్లా దాన్ని ఆలస్యం చేయడమే. దానికి కావలసింది తడి, చితికిన పండు. ఈ రెండూ దొరక్కుండా చూసుకోవాలి. కాలవలు, చేలు, చెరువుల మధ్య మన ఊళ్ళలో గాలిలోనే తేమ ఎక్కువ, కాబట్టి కొండ మీద వాళ్ళకి నడిచిపోయే పద్ధతి మనకి నడవదు.

కొనేటప్పుడు పెట్టెని పైనుంచి చూసి తీసుకోకండి, తిప్పి అడుగు చూడండి. అడుగున ఎర్రటి మరక ఉన్నా, కింద వేసిన కాగితం తడిసి ఉన్నా ఆ పెట్టె వద్దు. తొడిమ దగ్గర ఆకులు పచ్చగా ఉండాలి, వాడి నల్లబడితే కోసి చాలా రోజులైనట్టు. ఇంకో సంగతి, స్ట్రాబెర్రీ అరటిలాగా, మామిడిలాగా కోశాక పండదు. తొడిమ దగ్గర తెల్లగా ఉన్నవి ఇంట్లో పెడితే తియ్యబడతాయని కొనుక్కుంటే అవి పుల్లగానే ఉండి మెత్తబడిపోతాయి. మన మార్కెట్లలో దొరికేవి ఎక్కువగా మహాబలేశ్వరం నుంచో, శీతాకాలంలో లంబసింగి, అరకు వైపు నుంచో వస్తాయి, అంటే మన చేతికి వచ్చేసరికే వాటికి ప్రయాణం బాగా అయిపోయి ఉంటుంది. షాపులో బయట ఎండలో పెట్టినవి ఎంత చవకగా ఇస్తానన్నా నేను తీసుకోను.

కారులో దూరం నుంచి తెచ్చుకునేవాళ్ళకి మన దగ్గర ఒక సదుపాయం ఉంది. భీమవరం, నరసాపురం వైపు చేపలకి, రొయ్యలకి వాడే థర్మోకోల్ పెట్టెలు ఎక్కడైనా దొరుకుతాయి. కొత్తది ఒకటి కొనుక్కోండి (వాడినది ఎంత కడిగినా నీచు వాసన పోదు, పళ్ళకి పట్టేస్తుంది). ముందు రోజు రాత్రి రెండు నీళ్ళ బాటిళ్ళు గడ్డకట్టించి, తువ్వాలు చుట్టి ఆ పెట్టె అడుగున పెట్టి, దాని మీద అట్టముక్క వేసి, పైన పళ్ళ పెట్టెలు పేర్చండి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి, కరిగిన నీళ్ళు పళ్ళలోకి పోతాయి, ఐసు తగిలిన పండు నల్లబడుతుంది. ప్లాస్టిక్ కవర్లో పోసి మూటకట్టి డిక్కీలో పడేస్తే మాత్రం దారిలోనే సగం చితికిపోతాయి. ఇంటికి రాగానే, ఎంత అలసిపోయినా సరే, తర్వాతి పని ఆ రాత్రే చేసేయాలి.

ఆ పని ఏరడం. పెద్ద పళ్ళెంలో పాత కాటన్ గుడ్డ పరిచి పళ్ళన్నీ ఒక వరసలో పోయండి. బూజు పట్టినదాన్ని తీసి పారేయండి, దానికి ఆనుకుని ఉన్న వాటిని విడిగా పెట్టి బాగా చూడండి. బూజు ఉన్నంత మేర కోసేసి మిగతాది తిందాం అనుకోవద్దు. క్యారెట్ లాంటి గట్టివాటికి అది చెల్లుతుంది, ఇలాంటి మెత్తటి పండులో బూజు దారాలు కంటికి కనపడకుండా లోపలికి పాకి ఉంటాయి. చితికినవి, మెత్తబడినవి ఉంటే అవి చెడిపోయినట్టు కాదు, బూజు లేకపోతే అప్పుడే కడిగి తినేయండి, లేదా పాలల్లో వేసి తిప్పుకోండి. గట్టిగా, పొడిగా ఉన్నవే దాచడానికి పనికొస్తాయి. తొడిమలు పీకొద్దు, పీకిన చోట పండుకి గాయమే కదా, బూజు అక్కడే మొదలవుతుంది.

కడగడం గురించి అందరూ అడుగుతారు. నా మాట, తినే ముందే కడగండి, అదీ తినేవరకే. చాలామంది వెనిగర్ నీళ్ళలో ముంచి దాచుతారు, అది పనిచేస్తుంది, నేనూ చేశాను. ఒక గ్లాసు తెల్ల వెనిగర్‌కి మూడు గ్లాసుల నీళ్ళు కలిపి, రెండు మూడు నిమిషాలు ఉంచి, తర్వాత మంచినీళ్ళతో బాగా కడిగేస్తే పైన ఉన్న బూజు విత్తనాలు చాలావరకు పోతాయి, వాసన కూడా మిగలదు. అయితే ఆ తర్వాత పళ్ళు పూర్తిగా ఆరాలి. మన దగ్గర చిక్కంతా అక్కడే. డిసెంబరులో ఫ్యాను కింద గుడ్డ మీద గంటలో ఆరతాయేమో, ముసురు పట్టిన రోజు రెండు గంటలైనా తొడిమ ఆకుల కింద తడి అలాగే ఉంటుంది. ఆ కాస్త తడి చాలు, వెనిగర్ చేసిన మేలంతా పోతుంది. ఒక్కొక్క పండు తిప్పి చూసి ఆరబెట్టే ఓపిక, టైము ఉంటేనే వెనిగర్ జోలికి వెళ్ళండి, లేకపోతే పొడిగా దాచడమే నయం.

ఇక డబ్బా. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్నది తీసుకోండి, రెండు వరసలకు మించి పళ్ళు పడకూడదు. అడుగున టిష్యూ గానీ, మెత్తటి పాత పంచె ముక్క గానీ మడిచి వేయండి. న్యూస్‌పేపర్ వద్దు, దాని సిరా పళ్ళకి అంటుతుంది, తినే వస్తువులు అందులో చుట్టొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా చెప్పింది. మూత గట్టిగా బిగించకండి. పళ్ళు కోశాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటాయి, బిగించిన డబ్బాలో ఆ ఆవిరి మూతకి పట్టి చుక్కలుగా మళ్ళీ పళ్ళ మీదే పడుతుంది. నేను చేసిన మొదటి తప్పు కడగడం, రెండోది ఇదే. మూత కాస్త ఓరగా పెట్టండి, లేదా షాపు నుంచి వచ్చిన చిల్లుల పెట్టెనే అడుగున గుడ్డ మార్చి వాడుకోండి. పూర్తిగా తెరిచిపెట్టినా కుదరదు, రెండ్రోజుల్లో ముడతలు పడతాయి. గుడ్డ రోజూ చూసుకుని, తడిస్తే మార్చండి.

స్ట్రాబెర్రీకి నిజానికి సున్నా డిగ్రీల చలి కావాలి, మన ఇళ్ళలో ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీల దగ్గర ఉంటుంది. అందుకని ఉన్నంతలో చల్లటి చోటు వెతుక్కోవాలి. తలుపు అరల్లో పెట్టకండి, తెరిచిన ప్రతిసారీ బయటి గాలి కొట్టేది అక్కడే. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కింద ఉండే ట్రే బాగా చల్లగా ఉంటుంది కానీ కొన్ని ఫ్రిజ్‌లలో పళ్ళు గడ్డకట్టేస్తాయి, మీదాంట్లో ఒకటి రెండు పళ్ళు పెట్టి చూసి నిర్ణయించుకోండి. నేను మధ్య అరలో వెనక వైపు, గోడకి తగలకుండా పెడతాను. పక్కన చేపల పులుసు గిన్నె లేకుండా చూసుకోండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. డబ్బా మొత్తాన్ని బయటికి తీసి టేబుల్ మీద పెట్టి, అందరూ తలా నాలుగు తిని, అరగంట తర్వాత మళ్ళీ లోపల పెట్టడం మన ఇళ్ళలో అలవాటు. చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టే ఆ చల్లటి పళ్ళకీ మన గాలి తగలగానే నీళ్ళు పడతాయి. చూస్తే తెలియదు, చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది. ఆ తడితోనే లోపలికి వెళ్ళిన పళ్ళు రెండో రోజుకి బూజు పడతాయి, మనం ఫ్రిజ్‌ని తిట్టుకుంటాం. కాబట్టి ఫ్రిజ్ దగ్గరే నిలబడి కావలసినన్ని గిన్నెలోకి తీసుకుని డబ్బా వెంటనే లోపల పెట్టేయండి. ఈ ఒక్కటి మార్చుకున్నాకే మా ఇంట్లో పళ్ళు రెండ్రోజుల నుంచి ఐదు రోజులకి వెళ్ళాయి. కరెంటు పోయినప్పుడూ అంతే, తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ ఓ నాలుగు గంటలు చలి నిలుపుకుంటుంది.

ఐదు రోజుల్లో తినలేం అనిపిస్తే మెత్తబడేదాకా ఆగొద్దు, బాగున్నప్పుడే గడ్డకట్టించండి. అప్పుడు మాత్రం కడిగి, తొడిమ తీసి, పూర్తిగా ఆరబెట్టి, ఒకదానికొకటి తగలకుండా పళ్ళెంలో పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. రాయిలా అయ్యాక జిప్ కవర్లో పోసి గాలి తీసి మూసేస్తే నెలల తరబడి ఉంటాయి. అలా పరచకుండా పోస్తే ఒకటే ముద్ద అవుతుంది. కరిగాక మెత్తగా అయిపోతాయి కాబట్టి అవి మిల్క్‌షేక్‌కి, జామ్‌కే. జామ్‌కి అర కిలో పళ్ళకి మూడొందల గ్రాముల పంచదార, ఒక నిమ్మకాయ రసం చాలు, చిక్కబడ్డాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

మన సొంత పళ్ళకి వస్తే, నేరేడు ఇంకా సున్నితం. జూన్, జూలైలో గంపల్లో వచ్చేవాటిలో చెట్టు కింద రాలినవి కూడా కలుస్తాయి, తోలు పలచన కాబట్టి అవి అప్పటికే చిట్లి ఉంటాయి. బయట ఉంచితే మర్నాటికే పులిసిన వాసన వస్తుంది. ఏరి, కడగకుండా, ఇలాగే గుడ్డ వేసిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు వస్తాయి. తినబోయే ముందు ఉప్పునీళ్ళలో కడగండి. ఎక్కువుంటే గింజ తీసి గుజ్జుని ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించండి, ఎండాకాలం దాకా షర్బత్‌కి పనికొస్తుంది. దాచే గుడ్డ మాత్రం పనికిరానిదే వాడండి, ఆ మరక వదలదు.

రేగుపళ్ళకి ఇంత టెన్షన్ అక్కర్లేదు. భోగికి తెచ్చి పిల్లలకి పోయగా మిగిలినవి బుట్టలో గాలి తగిలేలా పెడితే వారం ఉంటాయి. పెద్ద గంగరేగుపళ్ళు ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, చిన్న నాటు రేగుపళ్ళు మాత్రం వడియాలకే బాగుంటాయి. బాగా పండినవి కడిగి ఆరబెట్టి, రోట్లో బెల్లం, ఉప్పు, జీలకర్ర, పచ్చిమిరపకాయలు వేసి, గింజ నలగకుండా కచ్చాపచ్చాగా దంచి, చిన్న చిన్న బిళ్ళలుగా తట్టి ఎండబెడతారు. సంక్రాంతి తర్వాత ఎండ బాగానే ఉంటుంది, నాలుగైదు రోజులు రెండు వైపులా తిప్పుతూ ఎండబెట్టండి, మంచు కురిసే మన పొద్దుల్లో తొమ్మిదింటికి ముందు మేడ మీద పెట్టకండి, సాయంత్రం మంచు మొదలవకముందే తీసేయండి. చేత్తో విరిస్తే లోపల తడి కనపడకూడదు. అప్పుడు గాజు సీసాలో పోసి మూత బిగించండి, తడి చెయ్యి పెట్టకండి, వానలు మొదలయ్యే ముందు ఒక పూట మళ్ళీ ఎండ చూపించండి.