పాప పళ్ల మీద తెల్ల గీత: పుచ్చుగా మారకుండా ఆపిన తీరు (నా అనుభవం)

పాపకు రెండేళ్లు దాటాక ముందు పళ్ల మీద, చిగుళ్ల అంచున సుద్దలాంటి తెల్ల గీత కనిపించింది. తడిగా ఉంటే తెలియదు, పెదవి ఎత్తి బట్టతో తుడిస్తేనే బయటపడుతుంది. పుచ్చుకు ఇదే మొదటి దశ అనీ, గుంట పడలేదు కాబట్టి వెనక్కి తిప్పొచ్చనీ డాక్టరు గారు చెప్పి ఫ్లోరైడ్ వార్నిష్ (పంటి పైపొరను గట్టిపరిచే ఫ్లోరైడ్ అనే ఖనిజం ఉన్న పూత) పూశారు. నొప్పేమీ ఉండదు. 3 నుంచి 6 నెలలకోసారి మళ్లీ పూయించాలి.

అసలు పని ఇంట్లోనే. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు మాన్పించడానికే ఎక్కువ కష్టపడ్డాను. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలలోని చక్కెర పళ్లను అంటుకునే ఉంటుంది, బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. పాలలో రోజురోజుకూ కాస్త నీళ్లు పెంచుతూ, చివరికి ఒట్టి నీళ్లకు తెచ్చాను. ఏడ్చింది గానీ సర్దుకుంది.

పేస్టు 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) ఫ్లోరైడ్ ఉన్నది, బియ్యపు గింజంత చాలు. 3 ఏళ్లు నిండాక బఠాణీ గింజంత. పొద్దున, పడుకునే ముందు నేనే తోముతాను, ఎందుకంటే 7, 8 ఏళ్ల దాకా పిల్లలకు చేయి సరిగా తిరగదు. ఉమ్మడం వచ్చాక ఉమ్మితే చాలు, నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది.

"పాలపళ్లే కదా, ఊడిపోతాయిలే" అంటే దయచేసి వినకండి. దవడ పాలపళ్లు 10, 12 ఏళ్ల దాకా ఉండాలి. ముందే పోతే పక్క పళ్లు జరిగి, కొత్తవాటికి చోటు మిగలదు.

ఇప్పుడు ఆ గీత గరుకుతనం పోయి నున్నగా మెరుస్తోంది. 6 ఏళ్లప్పుడు శాశ్వత దవడ పళ్లు రాగానే సీలెంట్ (పుచ్చు పట్టకుండా పంటి గాడులను కప్పే పూత) వేయిస్తాను.