న్యూజెర్సీలో ఆల్టర్నేట్ రూట్ ద్వారా టీచర్ కావడం ఎలా?

అమెరికాలో ప్రభుత్వ బడిలో పాఠం చెప్పాలంటే ఆ రాష్ట్ర విద్యాశాఖ ఇచ్చే టీచర్ సర్టిఫికెట్ ఉండాలి. కాలేజీలో విద్యాశాస్త్రం చదివి, బడిలో బోధన శిక్షణ పూర్తి చేసినవాళ్లు మామూలు దారిలో దాన్ని సంపాదిస్తారు. గణితమో, రసాయనశాస్త్రమో, ఇంగ్లీషు సాహిత్యమో చదివి, బోధనలో శిక్షణ లేనివాళ్ల కోసం న్యూజెర్సీ 1980ల మధ్యలో, థామస్ కీన్ గవర్నర్‌గా ఉన్న కాలంలో, ఇంకో దారి తెరిచింది. సబ్జెక్టు తెలిసిన మనిషిని ముందు ఉద్యోగంలోకి తీసుకుని, ఉద్యోగం చేస్తుండగానే బోధన నేర్పే పద్ధతి ఇది. దీన్నే ఆల్టర్నేట్ రూట్ అంటారు.

ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్, ప్లెయిన్స్‌బరో ప్రాంతాల్లో ఎమ్మెస్సీ చదివి ఇంటిపట్టున ఉండిపోయిన తెలుగు మహిళలు ఎందరో ఉన్నారు. పెళ్లికి ముందు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఇక్కడి డిగ్రీ లేదు కాబట్టి బడి ఉద్యోగం తమకు అందదని వాళ్లు అనుకుంటారు. ఆ అనుకోవడం తప్పు. అయితే పనులు ఒక వరసలో జరగాలి. చాలామంది ముందు కోర్సుకు డబ్బు కట్టి, ఆ తర్వాత తమ డిగ్రీ ఆ సబ్జెక్టుకు సరిపోదని తెలుసుకుంటారు. అందుకే ఈ వరసను వివరంగా రాస్తున్నాను.

దారిలో మూడు సర్టిఫికెట్లు వస్తాయి. మొదటిది సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ, అందరూ సీఈ అంటారు. ఉద్యోగం వెతుక్కోవడానికి మీకు అర్హత ఉందని అది చెబుతుంది, అంతే. ఉద్యోగం దొరికాక ప్రొవిజనల్ వస్తుంది. రెండేళ్ల శిక్షణ, మంచి మదింపులు పూర్తయ్యాక వచ్చేది స్టాండర్డ్, అదే శాశ్వత సర్టిఫికెట్.

1. పని చేసే అనుమతి చూసుకోండి

గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. హెచ్4 వీసా మీద ఉన్నవాళ్లకు ఈఏడీ, అంటే పని చేసే అనుమతి కార్డు, ఉండాలి. 2015 నుంచి, హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్న భర్త లేదా భార్యకు ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు, ఆమోదం పొంది ఉంటే ఇది దొరుకుతోంది. గడువు తీరడానికి 180 రోజుల ముందు నుంచి ఈఏడీ రెన్యువల్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఆ తేదీని క్యాలెండర్‌లో రాసుకుని మొదటి వారంలోనే పంపండి. విద్యా సంవత్సరం మధ్యలో అనుమతి ఆగిపోతే మీ క్లాసులో పిల్లలు టీచర్ లేకుండా మిగులుతారు.

2. మార్కుల మెమోలను అమెరికా లెక్కలోకి మార్పించండి

అన్నిటికంటే ఆలస్యమయ్యే పని ఇదే, అందుకే ముందు దీన్నే మొదలుపెట్టాలి. మన విశ్వవిద్యాలయాల డిగ్రీలను నాసెస్ సంఘంలో సభ్యత్వం ఉన్న మదింపు సంస్థ చేత పరిశీలింపజేయాలి. మనవాళ్లు ఎక్కువగా వాడే డబ్ల్యూఈఎస్ అలాంటి సంస్థే. రెండు రకాల నివేదికలు ఉంటాయి. చవకగా వచ్చే రకం డిగ్రీ సమానమా కాదా అన్నది మాత్రమే చెబుతుంది, దానితో మీకు పని జరగదు. ప్రతి పేపరుకు ఎన్ని క్రెడిట్లు (కోర్సు బరువును కొలిచే లెక్క), అది ఏ స్థాయి కోర్సు, మొత్తం జీపీఏ (సగటు గ్రేడు) ఎంత అని విడివిడిగా చూపే నివేదికే అడగండి.

ఉస్మానియా, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర, జేఎన్‌టీయూ, ఎక్కడ చదివినా ట్రాన్స్‌క్రిప్ట్‌లు ఎగ్జామినేషన్ బ్రాంచ్ నుంచి అధికారికంగా వెళ్లాలి. మీ దగ్గరున్న కన్సాలిడేటెడ్ మెమో జిరాక్సు చాలదు. ఊళ్లో అన్నయ్యనో, మేనల్లుడినో పంపేటప్పుడు హాల్ టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కాపీ, మీ సంతకంతో అనుమతి పత్రం ఇచ్చి పంపండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉంటే పాస్‌పోర్టులో పేరుకూ మెమోలో పేరుకూ సంబంధం చూపే పత్రం కూడా సిద్ధంగా ఉంచుకోండి. చాలా దరఖాస్తులు ఈ పేరు తేడా దగ్గరే ఆగిపోతాయి.

మూడేళ్ల బీఎస్సీ, బీకాం, బీఏ మాత్రమే ఉన్నవాళ్లు ఒక సంగతి గమనించాలి. కొన్ని మదింపు సంస్థలు మూడేళ్ల డిగ్రీని ఇక్కడి నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా ఒప్పుకోవు. దానిపైన ఎమ్మెస్సీ, ఎంఏ ఉంటే సాధారణంగా చిక్కు తీరిపోతుంది. బీఎడ్ చేసి ఉంటే దాని మెమోలూ తప్పకుండా జత చేయండి. మీరు మామూలు దారికే అర్హులేమో విద్యాశాఖను ముందుగా అడగడం మంచిది.

జీపీఏ కనీసం 3.0 ఉండాలి. 2.75 దాకా తగ్గినా, ప్రాక్సిస్ అనే సబ్జెక్టు పరీక్షలో కనీస స్కోరు కంటే 10 శాతం ఎక్కువ తెచ్చుకుంటే అవకాశం ఉంటుంది.

3. మీకు ఇష్టమైన సబ్జెక్టు వేరు, క్రెడిట్లు సరిపోయే సబ్జెక్టు వేరు

హైస్కూలు సబ్జెక్టు టీచర్ కావాలంటే ఆ సబ్జెక్టులో 30 క్రెడిట్లు కావాలి. వాటిలో కనీసం 12 పైస్థాయివి, అంటే డిగ్రీ మూడు నాలుగు సంవత్సరాల స్థాయివి లేదా పీజీవి అయి ఉండాలి. ఎమ్మెస్సీ గణితం చదివినవాళ్లకు ఇది సులభంగా సరిపోతుంది. బీటెక్ వాళ్లు ఇక్కడే ఆగుతారు. ఇంజినీరింగ్ గణితం పేపర్లు మూడు నాలుగు ఉంటాయి, వాటితో 30 పూర్తి కావు. సర్క్యూట్లు, థర్మోడైనమిక్స్ లాంటివి గణితం లెక్కలోకి రావు.

తక్కువ పడితే మార్గం ఉంది. కింది స్థాయి క్రెడిట్లు దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఖర్చుతో సంపాదించవచ్చు. పైస్థాయి 12 మాత్రం అక్కడ దొరకవు, నాలుగేళ్ల కాలేజీలోనే తీసుకోవాలి. కాబట్టి కోర్సుల్లో చేరే ముందు కాగితం మీద రెండు నిలువు గళ్లు గీసి, ఏ పేపరు ఏ స్థాయిలో పడిందో రాసుకోండి. లోటు ఎక్కడుందో దానితో తెలుస్తుంది. అప్పుడు డబ్బు కట్టండి.

ప్రాథమిక తరగతులకైతే లెక్క మారుతుంది. భాష, గణితం, సామాన్య శాస్త్రం, చరిత్ర లాంటి సాధారణ విద్యా విషయాల్లో 60 క్రెడిట్లు, లేదా అలాంటి విషయంలో డిగ్రీ కావాలి. పిల్లలంటే ఇష్టం అని చాలామంది ప్రాథమిక తరగతులే కోరుకుంటారు. కానీ ఖాళీల కంటే అభ్యర్థులు ఎక్కువగా ఉండేది అక్కడే. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ప్రత్యేక అవసరాల పిల్లల బోధన, ఈ విభాగాల్లో టీచర్ల కొరత ఉంది. మీ మెమోలు గణితానికి సరిపోతుంటే గణితమే ఎంచుకోండి. ఇది నా గట్టి సలహా.

4. ప్రాక్సిస్ రాయండి

ఇది ఈటీఎస్ సంస్థ నిర్వహించే సబ్జెక్టు పరీక్ష. ఇంతకుముందు చదవడం, రాయడం, లెక్కలకు ప్రాక్సిస్ కోర్ అనే ప్రాథమిక పరీక్ష కూడా ఉండేది. 2025 జనవరి నుంచి న్యూజెర్సీ దాన్ని తీసేసింది. పాత సలహాలు చదివి దానికి డబ్బు కట్టకండి. ఎడ్‌టీపీఏ అనే వీడియో మదింపును కూడా అంతకుముందే రద్దు చేశారు.

మీ సబ్జెక్టుకు ఏ పరీక్ష కోడ్ అవసరమో విద్యాశాఖ వెబ్‌సైట్‌లో చూసుకుని నమోదు చేసుకోండి. కోడ్‌లు అప్పుడప్పుడు మారుతుంటాయి. జీవ, రసాయన, భౌతిక శాస్త్రాల వాళ్లకు సొంత సబ్జెక్టుతోపాటు జనరల్ సైన్స్ పరీక్ష కూడా ఉంటుంది. ప్రాథమిక తరగతుల వాళ్లకు నాలుగు విడి పరీక్షలు: చదవడం రాయడం, గణితం, సామాజిక శాస్త్రం, సామాన్య శాస్త్రం. మనవాళ్లకు కష్టమయ్యేది సామాజిక శాస్త్రమే, ఎందుకంటే అంతర్యుద్ధం, రాజ్యాంగ సవరణలు, పౌరహక్కుల ఉద్యమం మనం బడిలో చదువుకున్నవి కావు. దానికి విడిగా సమయం పెట్టుకోండి.

5. యాభై గంటల ముందస్తు శిక్షణ

సీఈ చేతికి రావాలంటే 50 గంటల పరిచయ శిక్షణ పూర్తి చేయాలి. రాష్ట్రం అనుమతించిన కాలేజీలు, సంస్థలే దీన్ని ఇస్తాయి. రట్గర్స్ విశ్వవిద్యాలయం ఆల్టర్నేట్ రూట్ కార్యక్రమం వాటిలో ఒకటి. పాఠ ప్రణాళిక, క్లాసును అదుపులో ఉంచడం, పిల్లల ఎదుగుదల లాంటి విషయాలు చెబుతారు, కొంత సమయం బడిలో క్లాసులు చూడాలి. చేరే ముందు ఒక ప్రశ్న అడగండి: ఉద్యోగం వచ్చాక మిగతా రెండేళ్ల శిక్షణ కూడా మీ దగ్గరే చేయవచ్చా? సంస్థ మధ్యలో మారడం కంటే మొదటి నుంచి ఒకే చోట ఉండటం సుఖం.

6. సీఈకి దరఖాస్తు

ఎన్‌జెఎడ్‌సర్ట్ అనే రాష్ట్ర వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి. మదింపు నివేదిక, ప్రాక్సిస్ స్కోరు, 50 గంటల పత్రం నేరుగా వాళ్లకు చేరాలి. శరీర ధర్మశాస్త్రం, పరిశుభ్రత మీద చిన్న అర్హత ఉంటుంది. డిగ్రీలో జీవశాస్త్రమో పోషకాహారమో చదివి ఉంటే అది సరిపోవచ్చు, లేకపోతే చిన్న పరీక్ష రాయాలి. ప్రమాణ పత్రం పౌరులకూ, పౌరులు కానివాళ్లకూ వేరువేరు, మీకు తగినదే నింపండి. సీఈకి గడువు తీరడం ఉండదు. పిల్లలు చిన్నవాళ్లని రెండేళ్లు ఆగినా అది పోదు.

7. ఉద్యోగం

అసలు కష్టం ఇక్కడుంది. సీఈ ఉన్నవాళ్లు చాలామంది, ఉద్యోగంలో చేరినవాళ్లు తక్కువ. కారణం చదువు కాదు, అమెరికా బడి లోపల ఎలా ఉంటుందో తెలియకపోవడం.

అందుకే సీఈ రాకముందే సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా, లేదా క్లాసులో టీచర్‌కు సాయపడే పారాప్రొఫెషనల్‌గా చేరండి. సబ్‌స్టిట్యూట్‌కు 60 కాలేజీ క్రెడిట్లు చాలు, మీ డిగ్రీతో అది వచ్చేస్తుంది. జీతం తక్కువే, కానీ అక్కడ మీరు నేర్చుకునేది ఏ కోర్సులోనూ దొరకదు. పిల్లవాడు టీచర్ మాటకు ఎదురు ప్రశ్న వేయడం ఇక్కడ అమర్యాద కాదు. గొంతు పెంచితే క్లాసు మన చేతిలోంచి జారిపోతుంది. బడిలో పిల్లలను కొట్టడాన్ని ఈ రాష్ట్రం 1867లోనే నిషేధించింది. ఐఈపీ, అంటే ప్రత్యేక అవసరాల పిల్లలకు విడిగా రాసే బోధన ప్రణాళిక, ఉన్న పిల్లలకు పరీక్షలో అదనపు సమయం ఇవ్వడం దయ కాదు, చట్టం. 2011లో వచ్చిన వేధింపుల నిరోధక చట్టం ప్రకారం క్లాసులో ఒక పిల్లవాడు ఇంకొకడిని ఏడిపిస్తే టీచర్ ఆ విషయాన్ని పైవాళ్లకు తెలపాలి. ఇవన్నీ ఇంటర్వ్యూలో అడుగుతారు.

న్యూజెర్సీలో సుమారు 600 స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఒక్కో ప్రాంతంలో ప్రభుత్వ బడులను నడిపే సంస్థలు, ఉన్నాయి, ప్రతిదీ తన టీచర్లను తానే నియమించుకుంటుంది. ఎక్కువ నియామకాలు వసంతం నుంచి వేసవి చివరి దాకా జరుగుతాయి. ఎన్‌జెస్కూల్‌జాబ్స్ వెబ్‌సైట్‌లో ప్రకటనలు చూడండి. పేరున్న డిస్ట్రిక్టులకే కాక, ట్రెంటన్, నెవార్క్, న్యూ బ్రన్స్‌విక్ లాంటి నగరాల బడులకూ, ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచే చార్టర్ స్కూళ్లకూ దరఖాస్తు చేయండి. టీచర్ల అవసరం అక్కడే ఎక్కువ, మీలాంటి సబ్జెక్టు బలం ఉన్నవాళ్లు ఆ పిల్లలకు కావాలి.

ఇంటర్వ్యూ తర్వాత డెమో లెసన్ ఉంటుంది. మనం బోర్డు మీద మూడు లెక్కలు చక్కగా చేసి చూపిస్తే పాఠం బాగా చెప్పామనుకుంటాం. అక్కడ చూసేది మీరు ఎంత చెప్పారన్నది కాదు, పిల్లలు ఎంత చేశారన్నది. ఉదాహరణకు సరళరేఖ వాలు చెప్పాలంటే సూత్రంతో మొదలుపెట్టకండి. రెండు ఫోను ప్లాన్ల ధరల పట్టిక ఇచ్చి, ఏది త్వరగా పెరుగుతోందో ఇద్దరిద్దరుగా చర్చించమనండి. సూత్రం వాళ్ల నోటి నుంచి రానివ్వండి. చివర్లో ఒక్క ప్రశ్న చీటీ మీద రాయించుకుని, ఎవరికి అర్థమైందో మీకు తెలుసునని చూపించండి.

ఉద్యోగం ఖాయమయ్యాక వేలిముద్రలతో నేర చరిత్ర పరిశీలన జరుగుతుంది. గత 20 ఏళ్లలో పిల్లలతో పనిచేసిన ఉద్యోగాల వివరాలు కూడా అడుగుతారు. ఇండియాలో పనిచేసిన బడి చిరునామా, ఈమెయిలు వెతికి పెట్టుకోండి. టీబీ పరీక్ష అడిగితే, చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లకు చర్మ పరీక్షలో లేని జబ్బు కనిపించే అవకాశం ఉంటుంది. డాక్టరుకు ఆ విషయం చెప్పి రక్త పరీక్ష చేయించుకోండి.

8. మొదటి రెండేళ్లు

ఉద్యోగంలో చేరాక డిస్ట్రిక్టు మీ ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేస్తుంది. మొదటి ఏడాది 30 వారాల పాటు ఒక అనుభవజ్ఞుడైన టీచర్ మెంటర్‌గా ఉంటారు. కొన్నిచోట్ల మెంటర్ రుసుము మీ జీతంలోంచి కోస్తారు, చేరే ముందే అడగండి. సాయంత్రాలు, శనివారాలు శిక్షణ క్లాసులుంటాయి. ముందు చేసిన 50తో కలిపి రెండేళ్లలో కనీసం 400 గంటలు పూర్తి కావాలి.

ఈ రెండేళ్లు ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి. పగలు ఐదు క్లాసులు, సాయంత్రం శిక్షణ, రాత్రి రేపటి పాఠం ఉంటాయి. వంట, పిల్లల హోంవర్క్ భర్త పంచుకోకపోతే ఈ చదువు సాగదు. మెంటర్‌ను మదింపు అధికారిగా భావించి సమస్యలు దాచకండి. మెంటర్ మార్కులు వేయరు. ప్రిన్సిపాల్, సూపర్‌వైజర్ మాత్రం క్లాసు చూసి ఏడాది చివర్లో స్థాయి నిర్ణయిస్తారు. మూడేళ్లలో రెండుసార్లు ఎఫెక్టివ్ (సమర్థం) లేదా అంతకంటే పై స్థాయి రావాలి. శిక్షణ, మదింపులు రెండూ పూర్తయితే స్టాండర్డ్ సర్టిఫికెట్ వస్తుంది. ఉద్యోగ భద్రత వేరే లెక్క: 2012 చట్టం ప్రకారం టెన్యూర్‌కు, అంటే శాశ్వత ఉద్యోగ హక్కుకు, నాలుగేళ్ల సేవ కావాలి.

స్టాండర్డ్ వచ్చాక ఇంకో సబ్జెక్టు చేర్చుకోవడానికి ఈ శిక్షణంతా మళ్లీ అక్కరలేదు. ఆ సబ్జెక్టులో 30 క్రెడిట్లు చూపి, దాని ప్రాక్సిస్ పాసైతే చాలు. గణితం టీచర్లు భౌతికశాస్త్రం చేర్చుకుంటే ఉద్యోగావకాశాలు బాగా పెరుగుతాయి. ఆ దరఖాస్తు కూడా ఎన్‌జెఎడ్‌సర్ట్‌లోనే చేయాలి.