బీటిల్ క్లచ్ కేబుల్‌కు సరైన నట్టు వెతకడం ఎలా?

పాత ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో క్లచ్ పెడల్ ఉన్నట్టుండి నేలకు అంటుకుపోతే, కేబుల్ తెగిపోయిందనే చాలామంది అనుకుంటారు. అది నిజమే కావచ్చు. అయితే కొన్నిసార్లు కేబుల్ నిక్షేపంగానే ఉంటుంది, దాని వెనుక కొసన ఉండవలసిన చిన్న నట్టు మాత్రం ఊడి రోడ్డు మీద ఎక్కడో పడిపోయి ఉంటుంది. మా ఇంటి బీటిల్‌కు సరిగ్గా అదే జరిగింది. ఆ పూట దారిలో దొరికిన నట్టును బిగించుకుని ఇల్లు చేరాము కానీ, నాలుగు రోజులు తిరగకముందే అది కేబుల్ థ్రెడ్‌ను అరగదీసేసింది. నట్టుతో పోయే ఖర్చు కేబుల్ దాకా వచ్చింది. అందుకే ఈ నట్టును ఎలా గుర్తించాలో, దుకాణంలో ఏమని అడగాలో, దేన్ని ఒప్పుకోకూడదో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ నట్టు చేసే పని తెలియాలి. బీటిల్‌లో పెడల్ ముందు, ఇంజను వెనుక ఉంటాయి కాబట్టి, రెండు మీటర్లకు పైగా పొడవున్న క్లచ్ కేబుల్ కారు నడుమ టన్నెల్‌లోని గొట్టం గుండా వెళ్లి, వెనుక బౌడెన్ ట్యూబ్ అనే వంగే గొట్టంలోంచి బయటికి వచ్చి, గేర్‌బాక్సుకు ఎడమ పక్కనున్న క్లచ్ లివర్‌ను చేరుతుంది. కేబుల్ కొసన థ్రెడ్ కోసిన ఉక్కు కడ్డీ ఉంటుంది. అది లివర్ కన్నంలోంచి వెనక్కి వస్తే, వెనుక నుంచి రెక్కల నట్టు, అంటే వింగ్ నట్, దాన్ని పట్టి ఉంచుతుంది. పెడల్ తొక్కిన ప్రతిసారీ కాలి బలమంతా కేబుల్ నుంచి లివర్‌కు చేరేది ఈ నట్టు మీదుగానే.

అసలు నట్టు ఒకటి చేతిలో ఉంటే దాన్ని తిప్పి చూడండి. లివర్‌కు ఆనే వైపు మామూలు నట్టులా బల్లపరుపుగా ఉండదు, గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు లివర్ మీదున్న గాడిలో కూర్చుంటుంది. దీనివల్ల రెండు మేళ్లు ఉన్నాయి. లివర్ తిన్నగా కాక కొద్దిగా వాలుతూ కదులుతుంది కాబట్టి, ఉబ్బుగా ఉన్న నట్టు గాడిలో దొర్లి కేబుల్ కడ్డీని నిటారుగానే ఉండనిస్తుంది. బల్లపరుపు నట్టయితే లివర్ వాలినప్పుడల్లా కడ్డీని థ్రెడ్ మొదట్లో వంచుతుంది, అలా వేలసార్లు వంగిన ఉక్కు చివరికి అక్కడే తెగుతుంది. రెండో మేలు, గాడిలో కూర్చున్న నట్టు ఇంజను అదురుకు తనంతట తాను తిరగదు. తొలి కాలపు కార్లలో రెక్కల నట్టుకు బదులు గుండ్రని మొన ఉన్న ఆరు పలకల నట్టు, దాని వెనుక అది వదులు కాకుండా బిగించే రెండో నట్టు, అంటే చెక్‌నట్టు, ఉండేవి. పద్ధతి మారినా గుండ్రని మొన మాత్రం మారలేదు.

ఇక కొలతకు వద్దాం. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా. కొలిచేముందు వైరు బ్రష్షుతో, కిరోసిన్‌తో కడ్డీ మీది మడ్డిని పూర్తిగా తీసేయాలి. నట్టు రోజూ తిరిగే భాగం అరిగి ఉంటుంది కాబట్టి, అది ఎన్నడూ చేరని కొస దగ్గరో మొదట్లోనో వెర్నియర్ కాలిపర్ పెట్టి బయటి వ్యాసం కొలవండి. బీటిల్ కేబుల్ కడ్డీ ఎం7, అంటే 7 మిల్లీమీటర్లు. పిచ్, అంటే పక్కపక్క థ్రెడ్ చుట్ల మధ్య దూరం, 1.0 మిల్లీమీటరు. కాలిపర్ మాత్రం 7.00 చూపించదు. థ్రెడ్ అంచులు ఎప్పుడూ కొంచెం తక్కువగానే ఉంటాయి కాబట్టి 6.8, 6.9 అని వస్తుంది. దాన్ని చూసి ఇది 6 మిల్లీమీటర్లదేనని అనుకోవద్దు. 6 మిల్లీమీటర్ల థ్రెడ్ కొలత ఎన్నడూ 6 దాటదు.

పిచ్ గేజ్ లేకపోతే ఒక తెల్ల కాగితాన్ని మడిచి కడ్డీ పొడవునా గట్టిగా నొక్కండి. కాగితం మీద సన్నని నల్లగీతలు వరుసగా పడతాయి. ఒక గీత నుంచి మొదలుపెట్టి పది ఖాళీలు లెక్కపెట్టి ఆ దూరం కొలిస్తే, పిచ్ 1.0 అయిన కడ్డీకి సరిగ్గా 10 మిల్లీమీటర్లు రావాలి, 1.25 అయితే 12.5 వస్తుంది. కానీ పిచ్ ఒక్కటే చూసి తేల్చకూడదు. ఎం6 థ్రెడ్ పిచ్ కూడా 1.0 కాబట్టి గేజ్ రెండింటి మీదా ఒకేలా కూర్చుంటుంది. వ్యాసం, పిచ్ రెండూ చేతిలో ఉంటేనే దుకాణానికి బయలుదేరండి.

దుకాణంలో వచ్చే చిక్కు ఎం7 అనే సైజు నుంచే. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో ఎం6, ఎం8, ఎం10 కుప్పలుగా ఉంటాయి, ఎం7 అరుదు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోని నట్టుబోల్టుల దుకాణాల్లో నేను అడిగితే, కౌంటరు దగ్గరి పెద్దాయన కడ్డీని వేళ్ల మధ్య తిప్పి చూసి, ‘‘రెండు సూతులకు ఎక్కువ, రెండున్నరకు తక్కువ సార్, ఇది మన లెక్కలోది కాదు’’ అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రెండు సూతులంటే 6.35 మిల్లీమీటర్లు, రెండున్నరంటే 7.94. మన కడ్డీ ఈ రెండింటికీ నడుమ ఉంది. కాబట్టి సూతుల్లో అడగకుండా ‘ఎం7, పిచ్ ఒకటి’ అని చెప్పి, వీలైతే పాత కేబుల్‌నే తీసుకెళ్లి చూపించడం మేలు.

దొరకనప్పుడు మూడు తప్పుడు దారులు మిమ్మల్ని పిలుస్తాయి. మొదటిది ఎం8 నట్టు. మాకు దారిలో వేసింది ఇదే. ఎం8 నట్టు లోపలి థ్రెడ్ కొనల నడుమ వ్యాసం సుమారు 6.65 మిల్లీమీటర్లు. 7 మిల్లీమీటర్ల కడ్డీని అది ఒక్కో వైపు 0.2 మిల్లీమీటర్ల లోపే పట్టుకుంటుంది. పైగా పిచ్ కలవదు. బిగిసినట్టే అనిపిస్తుంది కానీ, పట్టు ఒకటి రెండు చుట్ల మీదే ఉండి అవి తెగేదాకా ఆగుతుంది. రెండోది, కడ్డీ మీద థ్రెడ్ కోసే ఎం6 డై నడిపి ఎం6 నట్టు వేయడం. మంచి పనివాళ్లు కూడా సలహా ఇచ్చే దారి ఇది, కానీ నేను ఒప్పుకోను. లాగుడు బలాన్ని మోసే ఉక్కు వైశాల్యం ఎం7లో 28.9 చదరపు మిల్లీమీటర్లు, ఎం6లో 20.1. అంటే దాదాపు మూడో వంతు బలాన్ని మన చేత్తోనే కోసి పారేసినట్టు. నట్టు కోసం కేబుల్‌ను మార్చకూడదు, కేబుల్‌కు తగిన నట్టునే తేవాలి. మూడోది, ఎం7 మామూలు రెక్కల నట్టు దొరికితే అదే చాలుననుకోవడం. థ్రెడ్ సరిపోతుంది కానీ గుండ్రని మొన ఉండదు, గాడిలో కూర్చోదు. నైలాక్ నట్టు కూడా ఇక్కడ పనికిరాదు. దానిలోని నైలాన్ వలయం కడ్డీని గట్టిగా పట్టుకోవడం వల్ల నట్టు తిప్పిన ప్రతిసారీ కేబుల్ పోగులు మెలిపడతాయి.

కాబట్టి పాత ఫోక్స్‌వాగన్ విడిభాగాలు అమ్మేవారి దగ్గర బీటిల్ క్లచ్ కేబుల్ వింగ్ నట్ అనే పేరుతోనే తెప్పించుకోవడం ఉత్తమం. అది వచ్చేదాకా కారు కదలక తప్పదంటే, లేత్ పనివారి చేత ఉక్కు కడ్డీ నుంచి ఆరు పలకల నట్టు చేయించి, ట్యాప్‌తో లోపల ఎం7 థ్రెడ్ కోయించి, ఒక వైపు మొనను గుండ్రంగా తిప్పించండి. దాని వెనుక మరొక ఎం7 నట్టును చెక్‌నట్టుగా వేయాలి. ఇత్తడితో చేయించవద్దు, మెత్తని థ్రెడ్ ఈ లాగుడుకు త్వరగా అరుగుతుంది.

తెచ్చిన నట్టును కారుకు వేసేముందు చేత్తోనే పరీక్షించవచ్చు. నూనె చుక్క వేసిన కడ్డీ మీద అది వేళ్లతోనే చివరిదాకా సాఫీగా తిరగాలి. రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుపోతే పిచ్ వేరని అర్థం, పానాతో బలవంతం చేయవద్దు. బాగా తిరుగుతూ అటూ ఇటూ ఊగితే వ్యాసం పెద్దది, లేదా కడ్డీ అరిగిపోయింది. నట్టు నిలిచే చోట థ్రెడ్ కొనలు కత్తి అంచుల్లా సన్నబడి ఉన్నా, కేబుల్ పోగు ఒక్కటి తెగి బయటికి పొడుచుకొచ్చినా కొత్త నట్టు కోసం వెతకడం మాని కేబుల్‌నే మార్చండి. కేబుల్ పొడవులు మోడల్ సంవత్సరాన్ని బట్టి మారతాయి కాబట్టి అప్పుడు ఛాసిస్ నంబరు చెప్పి అడగాలి.

బిగించేటప్పుడు ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక భాగాన్ని ఎత్తి, స్టాండ్ల మీద నిలపండి. బీటిల్ హ్యాండ్‌బ్రేక్ వెనుక చక్రాలనే పట్టుకుంటుంది, అవి గాలిలో ఉంటే దానివల్ల ఉపయోగం లేదు. ఒంటి జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరవద్దు. ఎడమ వెనుక చక్రం తీస్తే లివర్ దాకా చేయి హాయిగా వెళుతుంది. కడ్డీ కొసను ప్లయర్‌తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో నట్టు తిప్పండి. కడ్డీ కూడా తిరిగితే లోపల కేబుల్ మెలిపడి అక్కడే ఆయువు తీరుతుంది. థ్రెడ్‌కు కొద్దిగా గ్రీజు రాయడం మరచిపోవద్దు. బౌడెన్ ట్యూబ్‌లో 25 నుంచి 45 మిల్లీమీటర్ల దాకా కిందికి వంపు ఉందో లేదో ఇదే సమయంలో చూసుకోండి. అది నిటారుగా సాగి ఉంటే పెడల్ కుదుపుగా కదులుతుంది. గొట్టం కొసన వాషర్లు చేర్చి ఆ వంపు పెంచవచ్చు.

నట్టు బిగించేకొద్దీ పెడల్ పైన ఖాళీ నడక తగ్గుతుంది. చేత్తో నొక్కితే 10 నుంచి 20 మిల్లీమీటర్లు తేలికగా కదిలి, ఆ తర్వాత బరువు తగలాలి. ఖాళీ బొత్తిగా లేకపోతే క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉండి అరుగుతుంది, క్లచ్ జారుతుంది. మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు, రివర్సు వేసేటప్పుడు గేర్లు కరకరమంటాయి. కొలత కుదిరాక రెక్కల నట్టు మొన లివర్ గాడిలో సరిగ్గా కూర్చునేలా అవసరమైతే మరికొంచెం తిప్పి వదలండి. రెక్కలు వాలుగా నిలిచి, మొన గాడి అంచు మీద ఎక్కి ఉంటే రెండు గుంతలు దాటేసరికి అది తిరిగిపోయి కొలత మారుతుంది.

ఇతర పాత కార్లకూ ఇదే క్రమం వర్తిస్తుంది, సైజులు మాత్రం వేరు. సిట్రోయెన్ 2సీవీ వంటి ఫ్రెంచి కార్లలో ఎం7 బోల్టులు మామూలే. పాత బ్రిటిష్, అమెరికన్ కార్లలో అంగుళాల థ్రెడ్‌లు ఉంటాయి. ముఖ్యంగా రెండున్నర సూతుల సన్న థ్రెడ్, అంటే అంగుళానికి 24 చుట్లది, 8 మిల్లీమీటర్ల పిచ్ 1.0 థ్రెడ్‌ను బాగా పోలి ఉంటుంది. మొదటి రెండు చుట్లు ఒకదానిపై మరొకటి ఎక్కుతుంది కూడా. అక్కడ కాగితం మీద పది ఖాళీలు కొలిస్తే తేడా బయటపడుతుంది: ఒకటి 10 మిల్లీమీటర్లు, మరొకటి దాదాపు 10.6.

కొత్త నట్టు వేసిన తర్వాత దాని రెక్కకూ లివర్‌కూ కలిసేలా రంగుతో ఒక గీత గీయండి. రెండు మూడు వందల కిలోమీటర్లు నడిచాక గీత కలిసే ఉందో, పెడల్ ఖాళీ అంతే ఉందో మళ్లీ చూసుకోండి. నట్టు తెప్పించుకునేటప్పుడే రెండు తీసుకుని, రెండోదాన్ని గ్రీజు రాసిన గుడ్డలో చుట్టి, ఒక ప్లయర్‌తో పాటు కారులోనే ఉంచండి.