సంతకం అడిగితే ఒక రాత్రి ఆగండి

డబ్బు విషయంలో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఎవరడిగినా ఆ రోజే సరే అనను. "ఇంట్లో మాట్లాడి రేపు చెప్తా బావా" అంటాను.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది హామీ సంతకం దగ్గర. చిట్టీ పాడుకున్న స్నేహితుడో, బ్యాంకు లోను తీసుకునే చుట్టమో "ఊరికే ఒక సంతకం" అంటారు. ఊరికే కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాడికీ అంతే. ముందు అతని దగ్గర వసూలుకి ప్రయత్నించాకే మీ దగ్గరికి రావాలన్న రూలేమీ లేదు. బ్యాంకు లోను అయితే మీ అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులోకీ ఎక్కుతుంది, రేపు మీ ఇంటి లోనుకి అడ్డం పడొచ్చు.

కాదనడానికి మొహమాటమా? నాకూ అంతే. అందుకే తిరిగి రాకపోయినా నిద్ర పట్టేంత మొత్తం ఎంతో లెక్క వేసుకుని, అంతవరకు చేబదులు ఇచ్చేస్తాను. సంతకం మాత్రం పెట్టను. ఒకసారి పెట్టాను లెండి, పదకొండు నెలలు నా జీతంలోంచే కట్టాను. ఆయన ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎదురైతే పక్కకి చూస్తాడు.