బాక్యులాను సోర్సు నుంచి కంపైల్ చేస్తే ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు మా బావగారి దుకాణంలోని కంప్యూటర్ కూడా మునిగింది. లెక్కలన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఇప్పుడు ఆ లెక్కల కాపీ రోజూ రాత్రి వీపీఎన్ మీదుగా గుంటూరులోని మా ఇంటికి వస్తోంది. ఆ పని చేసేది బాక్యులా. 2000లో కెర్న్ సిబాల్డ్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇది. రెండు చోట్లా ఒకే వెర్షన్ ఉండాలని సోర్సు నుంచి కంపైల్ చేశాను, అంటే ప్రోగ్రామర్లు రాసిన కోడును నడిచే ప్రోగ్రాముగా నేనే మార్చుకున్నాను. దారిలో తగిలిన రాళ్లు ఇవి.

పోస్ట్‌గ్రెస్ ఉన్నా, లేదంటుంది

కంపైల్‌కు కావలసినవన్నీ యంత్రంలో ఉన్నాయో లేదో చూసే కాన్ఫిగర్ స్క్రిప్టును నడిపితే, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు దొరకలేదని ఆగిపోయింది. చూస్తే సర్వరు నిక్షేపంగా నడుస్తోంది. లేనిది హెడర్ ఫైళ్లు. డేటాబేసు నడవడానికి కావలసినవి వేరు, దానితో మాట్లాడే ప్రోగ్రామును తయారు చేయడానికి కావలసినవి వేరు. ఉబుంటులో లిబ్‌పీక్యూ-డెవ్ ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. తర్వాత మేక్ డిస్ట్‌క్లీన్‌తో పాత ఫలితాలు చెరిపేసి కాన్ఫిగర్‌ను మళ్లీ మొదటి నుంచి నడపండి. చివర్లో అది చూపించే పట్టికను చదవకుండా ముందుకు వెళ్లకండి. దుకాణం వైపు డేటాబేసు అవసరమే లేదు. ఎనేబుల్-క్లయింట్-ఓన్లీ ఐచ్ఛికం ఇస్తే ఫైళ్లను చదివి పంపే ప్రోగ్రాము, ఫైల్ డెమన్, ఒక్కటే తయారవుతుంది.

కంపైలర్ మధ్యలో చచ్చిపోతుంది

తెర మీద ‘కిల్డ్’ అన్న ఒక్క మాట తప్ప మరేమీ కనిపించదు. నేను సోర్సులో తప్పు వెతుకుతూ ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. అసలు కారణం మెమరీ చాలకపోవడం. 2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం మీద, కంపైల్‌ను నడిపించే మేక్‌కు నాలుగు పనులు ఒకేసారి అప్పగించాను. కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్‌లో చూస్తే విషయం తెలిసిపోతుంది. ఒక్కో పనిగా నడపండి, లేదా స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు జాగా) పెంచండి.

గడియారం తేడాగా ఉందన్న హెచ్చరిక

దీన్ని వదిలేయకండి. మేక్ ఫైళ్ల తేదీలు చూసే పని చేస్తుంది కాబట్టి, మార్చిన ఫైలును మళ్లీ కంపైల్ చేయకపోవచ్చు. మా పాత మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్లేది. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి, మేక్ క్లీన్ చేశాక హెచ్చరిక పోయింది.

బీకన్సోల్‌లో పై బాణం మీట నొక్కితే పిచ్చి గుర్తులు

బాక్యులాకు ఆదేశాలిచ్చే బీకన్సోల్‌ను, బాణం మీటలు పనిచేయించే రీడ్‌లైన్ డెవ్ ప్యాకేజీ లేకుండా కంపైల్ చేశారు. అది వేసి మళ్లీ కంపైల్ చేయండి.

అంతా నడుస్తోంది, డైరెక్టర్‌ను మాత్రం క్లయింట్ రానివ్వదు

డైరెక్టర్ అంటే బ్యాకప్‌లను నడిపించే ప్రోగ్రాము, అది గుంటూరులో ఉంది. క్లయింట్ అంటే దుకాణంలోని ఫైల్ డెమన్. ఎక్కువ మంది ఇక్కడే చేతులెత్తేస్తారు. కాన్ఫిగర్‌కు తాను నడిచిన యంత్రమే లోకం. డైరెక్టర్ పేరు ఆ యంత్రం పేరుతోనే పెడుతుంది, పాస్‌వర్డులు తానే యాదృచ్ఛికంగా పుట్టిస్తుంది. రెండు యంత్రాల మీద విడివిడిగా నడిపితే రెండు వేర్వేరు పేర్లు, రెండు వేర్వేరు పాస్‌వర్డులు వస్తాయి. దుకాణంలోని ఫైల్ డెమన్ తనకు పరిచయం లేని డైరెక్టర్‌ను గుమ్మంలోనే ఆపేసింది, పాపం దాని తప్పేమీ లేదు. గుంటూరు డైరెక్టర్ కాన్ఫిగరేషన్‌లో క్లయింట్ విభాగంలో ఉన్న పాస్‌వర్డును, డైరెక్టర్ పేరుతో సహా, దుకాణం ఫైల్ డెమన్ కాన్ఫిగరేషన్‌లోని డైరెక్టర్ విభాగంలోకి అక్షరం పొల్లు పోకుండా ఎక్కించి, డెమన్‌ను మళ్లీ ప్రారంభించండి. ఫైల్ డెమన్ వినే 9102 పోర్టు తెరిచి ఉందో లేదో కూడా చూడండి.

తలుపు తెరుచుకుంటుంది, జాబు (బ్యాకప్ పని) కదలదు

ఇదీ పై దాని తోబుట్టువే. ఫైళ్లు డైరెక్టర్ మీదుగా వెళ్లవు. వాటిని దాచే ప్రోగ్రాము స్టోరేజీ. దాని చిరునామాను డైరెక్టర్ చెబుతుంది, క్లయింట్ నేరుగా 9103 పోర్టుకు వెళుతుంది. డైరెక్టర్ కాన్ఫిగరేషన్‌లో ఆ చిరునామా దగ్గర లోకల్‌హోస్ట్ (అంటే ‘ఈ యంత్రమే’) అని ఉంటే, సింగ్‌నగర్ కంప్యూటర్ స్టోరేజీ కోసం తనలో తానే వెతుక్కుంటూ కూర్చుంటుంది. అక్కడ గుంటూరు యంత్రం వీపీఎన్ చిరునామా రాసి, బీకన్సోల్‌లో రీలోడ్ కొట్టి, జాబును మళ్లీ నడపండి.